తల తిరిగితే మెడకు శిక్ష

మన దగ్గర తల తిరగడానికి కారణాలు మూడే: బీపీ, నీరసం, మెడ ఎముకల అరుగుదల. బీపీ మామూలుగా ఉంటే నీరసం. ఓ సెలైన్ సీసా ఎక్కిస్తారు. సీసా ఖాళీ అయినా తల ఆగకపోతే ఇక మెడే ముద్దాయి. ఎక్స్‌రే తీస్తారు. తల ఏనాడూ తిరగనివాళ్లకు కూడా వయసు మీదపడితే మెడ అరుగుతుందన్న సంగతి ఎవరిక్కావాలి? నేరం రుజువైంది. మెడకు పట్టీ, దిండుకు బహిష్కారం, నెలల తరబడి బీటాహిస్టిన్ మాత్రలు.

ఇంత విచారణలో ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది: "మీకు తలనొప్పి వస్తుంటుందా అమ్మా?"

అడిగితే చిక్కే, జవాబు వచ్చేస్తుంది. "చిన్నప్పట్నుంచీ ఒంటికణత నొప్పే బాబూ, మా అమ్మకీ ఉండేది. ఎండలో తిరిగినా, ఒక్కపొద్దున్నా మొదలే. తల తిరిగిన రోజు లైటు చూడలేను, మిక్సీ చప్పుడు భరించలేను."

దీని పేరు వెస్టిబ్యులర్ మైగ్రేన్. తల తిరుగుడు నిపుణుల బరానీ సొసైటీ, అంతర్జాతీయ తలనొప్పుల సంఘం కలిసి 2012లోనే లెక్క తేల్చాయి. కనీసం 5 సార్లు, ఒక్కోసారి 5 నిమిషాల నుంచి 72 గంటల దాకా గట్టిగా తల తిరగాలి. మైగ్రేన్ ఇప్పుడో, గతంలోనో ఉండాలి. కనీసం సగం సార్లు మైగ్రేన్ తరహా తలనొప్పో, వెలుతురూ చప్పుడూ రెండూ పడకపోవడమో, కళ్లముందు మెరుపు గీతలో తోడవాలి. వేరే జబ్బు కాదని తేలాలి. తల తిరిగిన ప్రతిసారీ నొప్పి రావాలన్న నియమం లేదు.

పక్కమీద ఒత్తిగిలగానే గిర్రున తిరిగి నిమిషంలోపే ఆగిపోతే, అది లోపలి చెవిలో స్ఫటికాలు జారిన గొడవ. తలను ఓ వరుసలో తిప్పి సరిచేసే ఎప్లీ పద్ధతి ఉంది. వినికిడి తగ్గి, చెవిలో హోరుంటే మెనియర్ జబ్బేమో చూడాలి. మాట తడబడినా, మూతి వంకరపోయినా, ఒక్కటి రెండుగా కనిపించినా, నిలబడలేకపోయినా ఈ లెక్కలన్నీ పక్కనపెట్టి వెంటనే పెద్దాసుపత్రికి పరుగెత్తాలి.

మైగ్రేన్‌ని పట్టిచ్చే స్కాను లేదు, రక్తపరీక్షా లేదు. స్కానులో ఏమీ లేదనగానే "టెన్షన్ తగ్గించుకోండి" అని తీర్పు. రోగం బయటపడేది రోగి మాటల్లో. అసలు ఇబ్బందల్లా అదే. ఎక్స్‌రేకు ధరుంది, పట్టీకి ధరుంది, సీసాకూ ధరుంది, ప్రశ్నకు లేదు. పోనీ, "తలనొప్పి గురించి అడిగినందుకు" అని బిల్లులో ఓ రెండొందలు వేసుకోండి. ఏ పాపం తెలియని మెడలైనా విడుదలవుతాయి.