వెట్టి లేని మహానగరం

మన దేశంలో వెట్టి లేదు. రాజ్యాంగం 23వ అధికరణంలో వద్దంది, 1976లో పార్లమెంటు చట్టం చేసింది. చట్టం వచ్చాక కూడా ఉందనడం మర్యాద కాదు.

నమ్మకపోతే పొద్దున్నే హైదరాబాద్ మూసాపేట కూలీల అడ్డాకు రండి. బైకు ఆగీ ఆగకముందే చుట్టూ మూగుతారు.

"ఎంతిస్తవ్ సారూ?"

"ఇద్దరు సాలు. మూడో అంతస్తుకు ఇటుక మొయ్యాలె."

"గా కూలికి గిట్టది సారూ."

"నీ ఇష్టం. ఎనక మస్తుమంది ఉన్నరు."

విన్నారుగా, నీ ఇష్టం! ఒక్కరి కాలికీ సంకెల లేదు. చేతిలో సద్దిడబ్బా, సంచిలో తాపీ, జేబులో ఆధార్ జిరాక్సు. నూటికి నూరుపాళ్లు పౌరులు.

ఈ ఆనందాన్ని ఓర్వలేనిది సుప్రీంకోర్టే. ఢిల్లీ ఏషియాడ్ పనుల్లో కూలీకి దక్కాల్సింది రోజుకు 9 రూపాయల 25 పైసలు. కూలీలను తెచ్చే జమాదార్లు రూపాయి కమీషన్ కోసుకుని మిగతాది చేతిలో పెట్టేవారు. రూపాయే కదా అని సర్దుకుపోకుండా, జస్టిస్ భగవతి ధర్మాసనం 1982లో తేల్చేసింది: కనీస వేతనం కన్నా తక్కువకు పని చేయించడం వెట్టే, చేయించేది ప్రైవేటు ఆసామి అయినా సరే. ఆకలి చేసే బలవంతమూ బలవంతమేనట!

మనం ఆ తీర్పును ఎంతో గౌరవించి బీరువాలో భద్రంగా దాచాం. పాలమూరు నుంచీ ఒడిశా నుంచీ జనం వస్తూనే ఉన్నారు. ఊళ్లోనే అడ్వాన్సు, ఇక్కడ రేకుల షెడ్డు, మధ్యలో మేస్త్రి వాటా. 2020 లాక్‌డౌన్‌లో కంది ఐఐటీ కట్టడం కూలీలు బకాయి జీతాలిచ్చి ఇంటికి పంపమని గొడవకు దిగారు. రెండు రోజులకు, మే 1న, లింగంపల్లి నుంచి దేశంలోనే తొలి శ్రామిక రైలు కదిలింది. పౌరుడు తన ఊరికి పోవడానికి రాళ్లు రువ్వాల్సి రావడం ఒక్కటే చిన్న లోటు.

కోర్టుకు పోవచ్చుగా అంటారా? 1857లో, స్వేచ్ఛ కోసం కోర్టుకెక్కిన బానిస డ్రెడ్ స్కాట్ కేసులో అమెరికా సుప్రీంకోర్టు, నల్లవాడు పౌరుడే కాడు, కోర్టు గడప తొక్కొద్దంది. పచ్చి మోటుతనం! మన గడప అందరికీ తెరిచే ఉంది. వాయిదాకో రోజు కూలి పోతుంది, అంతే.

అందుకే నాదో మనవి. సైబరాబాద్ టవర్ల హోర్డింగుల మీద క్లబ్‌హౌస్, ఈతకొలను, రెరా నంబరుతో పాటు కూలీకిచ్చిన రేటూ వేయండి. కనీస వేతనానికి తగ్గితే "సుప్రీంకోర్టు లెక్కన వెట్టితో కట్టినది" అని రాయండి. అమ్మకాలు పడిపోతాయని బెంగ వద్దు. కొనేవాళ్లు అడిగేది వాస్తు గురించే.