ఔషధమైన గుడ్డను గూర్చి ఔషధాధికారివారికి బహిరంగ లేఖ

మ.రా.రా.శ్రీ ఔషధ ప్రమాణ నిర్ణయాధికారివర్యుల సముఖమునకు,

రాజపాళయము చెంతనున్న సత్రపట్టి గ్రామ నివాసియు, వయసు మీరినవాడును, ప్రస్తుతము ఎడమచేయి మెడనుండి వ్రేలాడుచున్నవాడును అగు ఒక తెలుగువాడు మిక్కిలి వినయముతో వ్రాసికొను విన్నపము.

అయ్యా,

కుడిచేయి కుశలముగా నున్నందున ఈ లేఖ వ్రాయగలుగుచున్నాను. ఎడమచేతి మణికట్టు గత మాసమున విరిగినది. విరిగిన విధము చెప్పుకొనుటకు గౌరవప్రదమైనదేమియు కాదు. అయ్యనారు జలపాతము కడ, పాచిపట్టిన ఱాళ్లమీద అడుగు ఎట్లు వేయవలయునో మా మనుమనికి ఉపదేశించుచు, ఉపదేశము ముగియకముందే నేను జారితిని. పడువాడు చేయి ముందునకు చాపుట దేహధర్మము. శిరస్సును కాపాడుటకై చేయి తన్ను దాను బలియిచ్చుకొనును. చాచిన అరచేతిమీద శరీరభారమంతయు వ్రాలగా, ముంజేతి రెండెముకలలో బొటనవ్రేలి వైపుదైన రత్ని మణికట్టునకు అంగుళము పైన విరిగి, వెనుకకు వంగి, ప్రక్కనుండి చూచువారికి చేయి బోర్లించిన ముల్లుచెంచావలె కనుపట్టును. డబ్లిను నగరపు శస్త్రవైద్యుడు ఏబ్రహాం కాలిస్ ఈ విరుపును 1814లో వర్ణించెను. రంట్‌గెన్ ఎక్స్ కిరణములను కనుగొనుటకు అప్పటికింకను 81 ఏండ్లు గడువవలసియుండెను. ఎముకను కంట చూడకయే వ్రాసిన ఆ వర్ణనమును బట్టి నేటికిని ఈ విరుపునకు ఆయన పేరే చెల్లుచున్నది. ఇంత ప్రతిష్ఠ గల గాయము నావంటి సామాన్యునకు లభించెనని వైద్యుడు చెప్పినప్పుడు, నొప్పి నడుమనే యొకింత గర్వించితినని దాచనేల?

అయితే నేను విన్నవింపదలచినది ఆ చేతిని మోయుచున్న గుడ్డను గూర్చి. ఆ గుడ్డ మా ఊరిదే. సత్రపట్టి మరమగ్గములనుండి దిగునవి పట్టుచీరలును జరీపంచెలును కావు. దేశమున ఎక్కడో ఎవరికో తగులబోవు దెబ్బకై ఈ ఊరు ముందుగానే కట్టుగుడ్డ నేసి సిద్ధపఱచుచుండును. పెండ్లికి గాని పండుగకు గాని ఎవరును కోరి కొనని గుడ్డ ఇది. కొనవలసివచ్చినవానికి బేరమాడు ఓపికయైనను ఉండదు. మగ్గమునుండి దిగిన కోరాగుడ్డను నీట వేసినచో తేలును, ఏలయన పత్తిపోగునకు పుట్టుకతోనే సన్నని మైనపుపూత యుండును. క్షారజలమున ఉడికించి, ఆ మైనమును, నేతలో ఎక్కిన గంజిని వదలగొట్టి, చలువచేసి, ఎండబెట్టి, కోసి, చుట్టలు చుట్టిన పిదప గాని దానికి నెత్తురును పీల్చు గుణము రాదు. అది వచ్చినంతనే 1940 నాటి చట్టము ననుసరించి ఆ గుడ్డ ఔషధమైనది. 2017 నాటి నియమములలో దానినే వైద్యపరికరములలో చేర్చిరి. గుడ్డ మాత్రము ఈ పదోన్నతులను ఎఱుగక, తన పడుగుపేకలతో తాను మునుపటివలెనే యున్నది.

(మావైపువారికి అధికారులన్న బెఱుకు తక్కువ. 1949 నుండి 1952 వరకు మదరాసు రాష్ట్రమును ఏలిన ముఖ్యమంత్రి పూసపాటి కుమారస్వామి రాజా మా రాజపాళయపు తెలుగు రాజుల ఇంటివాడే. ఆ దినములలోనైనచో ఈ కాగితమును టపాలో వేయక, చేతికే ఇచ్చి వచ్చియుందును.)

తమ నియమావళిని నేను శ్రద్ధగా చదివితిని. పడుగున ఇన్ని పోగులుండవలెను, పేకన ఇన్ని పోగులుండవలెను, చదరపు మీటరు ఇంత తూగవలెను. పీల్చు దూది నీటిమీద వేసిన పది సెకన్లలోపల మునుగవలెను. ఇందులో ఒక్కదానిని నేను తప్పుపట్టను. కాని గుడ్డకు ఇన్ని పరీక్షలు పెట్టిన తమరు, ఆ గుడ్డ ఎవరికై పుట్టినదో ఆ బాహువునకు ఒక్క పరీక్షయు పెట్టరైరి. బ్రహ్మదేవుడు ఒక చేతిని నమూనాగా తమ పరీక్షాలయమునకు పంపియున్నచో, అది తిరుగుటపాలో సత్యలోకము చేరియుండెడిదని నా నిశ్చయము. సామగ్రి జాబితా చూడ ఘనముగానే యున్నది: జత్రుక, అంసఫలకము, భుజాస్థి, రత్ని, అరత్ని, మణికట్టున ఎనిమిది, అరచేత అయిదు, వ్రేళ్లలో పదునాలుగు, వెరసి ఒక్కొక్క వైపున 32 ఎముకలు. ఇన్ని యెముకలు గలదానిని పట్టుకొని, ఉదారుడైన దాతను ‘ఎముకలేని చేయి’ అని మెచ్చుకొను జాతి మనది.

కాని భుజసంధిని చూడుడు. తొడయెముక శిరస్సు తుంటిలో గిన్నెలోని గుండువలె లోతుగా కూర్చున్నది. భుజాస్థి శిరస్సన్ననో ప్రమిదమీద నిలిపిన నిమ్మపండు. ఏ క్షణమునను దానిలో మూడవవంతుకు మించి ఆ ప్రమిదను ఆనదు. చుట్టును నాలుగు కండరములు పట్టుకొనియున్నవి గనుక నిలిచియున్నది. దేహమునందలి పెద్దకీళ్లలో మిక్కిలి తఱచుగా తప్పునది ఇదే. తప్పినప్పుడు దాదాపు ఎల్లవేళల ముందువైపునకే తప్పును. తమ పరీక్షకుడు ‘బిగువు చాలదు’ అని వ్రాసి సంతకము చేయును. ఆ బిగువే చాలియున్నచో, తెగిన పోగును అందుకొనుటకు మగ్గముపైకిని, వీపు గోకికొనుటకు వెనుకకును, దేవుని యెదుట తలపైకిని చేయి పోజాలకుండెడిదని అతనికి ఎవరు చెప్పవలెను? జత్రుక నడత మఱియు విచిత్రము. గర్భమున తక్కిన ఎముకలన్నిటికంటె ముందుగా గట్టిపడ నారంభించి, ఇరువదియైదేండ్ల ప్రాయము వచ్చుదాక లోపలికొన పూర్తిగా అతుకుకొనక, ఇంత దీర్ఘకాలము సన్నద్ధమగుచుండియు, సైకిలుమీదనుండి పడిన మొదటిసారియే నడుమ విరిగి చేతులెత్తివేయును.

మోచేయి ఇంకొక వింత. లోపలిప్రక్కన ఒక నాడి చర్మము క్రిందనే, ఎముక గాడిలో, కాపుదల లేక పోవుచుండును. తలుపు గడియకు తగిలినచో చిటికెనవ్రేలి దాక మెఱుపు పాఱును. చిన్నబిడ్డలలో రత్ని శిరస్సును చుట్టి పట్టుకొనిన పట్టీ వదులు. బిడ్డను ముంజేతపట్టి పైకి లాగినచో ఆ శిరస్సు జారును, బిడ్డ చేయి కదపక ఏడ్చును. మా మనుమనికి రెండేండ్లప్పుడు వాని మేనత్త ముద్దుకొలది చేతులుపట్టి గిరగిర త్రిప్పగా ఇదే జరిగినది. వైద్యుడు అరచేతిని త్రిప్పి మోచేతిని మడిచినంతనే ‘టక్కు’మని సర్దుకొనినది, మేనత్త సర్దుకొనుటకు వారము పట్టినది. మణికట్టులో పడవ ఆకారపు చిన్నయెముక ఒకటి కలదు. దానికి నెత్తురు ఎక్కువగా వ్రేళ్లవైపు కొననుండి వెనుకకు పాఱును. నడుమ విరిగినచో వెనుకసగము పస్తుపడును. మొదటి దినములలో ఎక్స్ రే పటమునకు సైతము అది చిక్కకపోవుట కలదు గనుక, బెణుకని తలచి నూనె రాచి ఊరకుండువారు పలువురు.

ఇక అసలు సంగతి. కొన్నేండ్ల క్రిందట పొరుగుపల్లె బాలుడొకడు సప్పట్ట మామిడికాయకై చెట్టెక్కి పడెను. మోచేతికి కొంచెము పైన భుజాస్థి విరిగినది. చేతికి నెత్తురు తెచ్చు పెద్దధమని సరిగా అచ్చటనే ముందుగా పోవుచుండును. ఎవరో వెదురుబద్దలు పెట్టి, గుడ్డతో గట్టిగా, మిక్కిలి గట్టిగా బిగించిరి. రాత్రియంతయు పిల్లవాడు మొఱపెట్టెను. విరిగినచేయి నొప్పిపెట్టక మానునా అని పెద్దలు ఓదార్చిరి. తెల్లవాఱి విప్పి చూడగా వ్రేళ్లు చల్లబడియున్నవి. ఎముక అతికినది. చేయి మాత్రము పక్షిగోరువలె ముడుచుకొనిపోయి నేటికిని విప్పారలేదు. నెత్తురు అందని కండరము కొన్ని గంటలలోనే చచ్చి, నారయై కుంచించుకొనిపోవునని హాలె నగరపు శస్త్రవైద్యుడు ఫోల్క్‌మాన్ 1881లో ప్రకటించియుండెను. ఆ కట్టిన గుడ్డ మా ఊరిది. పోగులు సరి, తూకము సరి, తెలుపు సరి. తమ నియమములలో ఒక్కటియు తప్పలేదు.

అయ్యా, దీనినిబట్టి నేను నాటుకట్టును నిందించుచున్నానని తలపవలదు. ఫోల్క్‌మాన్ వ్రాసిన ఆ 1881లోనే చిత్తూరు సీమలోని పుత్తూరు చెంత కేశవరాజు ఎముకల కట్టు ప్రారంభించెనని చెప్పుకొందురు. ఆకుపసరు, కోడిగ్రుడ్డు తెల్లసొన, వెదురుబద్దలతో ఆ వంశమువారు వేయు కట్టును తమిళులును ‘పుత్తూరు కట్టు’ అనియే పిలుచుచు వెదకికొనిపోవుదురు. ఆసుపత్రిలో సున్నపుకట్టు వేసినను ఇదే ప్రమాదము కలదు. దోషము బద్దలలోను లేదు, సున్నములోను లేదు, బిగువులో నున్నది. సుశ్రుతుడు ఈ సంగతి నెఱిగినవాడు. కట్టునకు కావలసిన వస్త్రములను చెప్పుచు ప్రత్తిగుడ్డను పేర్కొని, కట్లలో పదునాలుగు విధములు చెప్పి, అంతటితో తన పని తీఱెననుకొనక, గాఢము, సమము, శిథిలము అని బిగువును మూడు తెఱగులుగా విభజించెను. తొడలకును తలకును గాఢము; చేతులకును కాళ్లకును సమము; కీళ్లకును కన్నులకును శిథిలము. విరిగిన అంగమునకు కట్టు వదులైనచో కీలు నిలువదు, బిగిసినచో వాపును నొప్పియు కలుగునని చెప్పి, చలికాలమున ఏడుదినములకు, సమకాలమున అయిదింటికి, ఎండకాలమున మూడింటికి విప్పి కట్టుమనెను. వేడికి వాపు త్వరగా మాఱునని అతడు గమనించియుండవలెను. ఈ విరుదునగరు జిల్లా ఎండలలో ఉన్నవానికి ఆ మాట బాగుగా బోధపడును.

కావున నా ప్రార్థన చిన్నది. కట్టుగుడ్డ పొట్లముమీద తయారీదారుని పేరును, అనుమతి సంఖ్యను, తేదీని అచ్చువేయించుచున్నారు గదా. ఆ మిగిలిన చోటున దేశభాషలలో నాలుగు పంక్తులు చేర్పింపుడు. కట్టు కట్టిన పిమ్మట వ్రేలిగోరును నొక్కుము. తెల్లబడిన గోరు విడిచిన రెండు సెకన్లలో మరల ఎఱ్ఱబాఱవలెను. బాఱనిచో, వ్రేళ్లు చల్లబడినచో, తిమ్మిరెక్కినచో, వ్రేలిని మెల్లగా చాపినను బాలుడు కేకవేసినచో, తెల్లవాఱుదాక ఆగక అప్పుడే కట్టు వదులుచేసి ఆసుపత్రికి పరుగెత్తుము. దూది మునుగుటకు పది సెకన్లు లెక్కించు ప్రభుత్వమునకు, గోరు ఎఱ్ఱబాఱుటకు రెండు సెకన్లు లెక్కింపుడని చెప్పుట భారము కాదు. మా నేతగాండ్రు ఆ అచ్చుకూలిలో తమ పాలు భరింపమందురేమో, ఆ సంగతి వారితో నేను మాటలాడెదను. వారిలో పలువురకు నాడె ఎగిరి తగిలిన గుర్తులు మోచేతులమీద నున్నవి గనుక, వినకపోరు.

మా ఇంట ఈ పరీక్ష ఇదివఱకే అమలులో నున్నది. జలపాతము కడ నా ఉపదేశము సగములో ఆగిన ఆ మనుమడు, పడినది తాతయే గాని తాను గాదను అధికారముతో, గంటకొకసారి వచ్చి నా బొటనవ్రేలిగోరు నొక్కి విడుచుచున్నాడు. బడినుండి వచ్చిన వెంటనేయైనచో తమిళమున, బువ్వ తిన్న పిదపయైనచో తెలుగున లెక్కించును. ‘ఒణ్ణు’ అని మొదలిడినను ‘ఒకటి’ అని మొదలిడినను, గోరు ఎఱ్ఱబాఱునప్పటికి వాని నోట వచ్చునది ‘రెండు’ అనియే.

ఇట్లు విన్నవించుకొను,
సత్రపట్టి గ్రామవాసి
(కుడిచేవ్రాలు)