ఖాకీ సంచి పుస్తకమైతే

నేను పుట్టుకతో పుస్తకాన్ని కాను. బట్టల దుకాణంలో చీరలు మోయడానికి పుట్టిన ఖాకీ కాగితం సంచిని. బరువు మోయడం మా వంశవిద్య. 1884లో కార్ల్ దాల్ పేటెంటు పొందిన పద్ధతిలో కలపను కాస్టిక్ సోడా, సోడియం సల్ఫైడు ద్రావణంలో ఉడికిస్తారు. చెక్కను బిగించి ఉంచే లిగ్నిన్ చాలావరకు కరిగిపోతుంది, నార మాత్రం పెద్దగా దెబ్బతినదు. మా గట్టిదనం ఆ నారది, మా గోధుమరంగు కరగకుండా మిగిలిన లిగ్నిన్‌ది. సంచిని నిలబెట్టే చదునైన అడుగును యంత్రంతో మడిచి అంటించే ఉపాయానికి 1871లో మార్గరెట్ నైట్ పేటెంటు తెచ్చుకుంది. ఇంత పనితనం పోసుకున్న నన్ను దుకాణం నుంచి ఇంటిదాకా ఒక్కసారి మోయించి పారేస్తే, నా బలంలో ఎక్కువ భాగం వృథా అయినట్టే. అందుకే నా వాదన: సంచి పాతబడగానే గుజ్జు చేయకూడదు, ముందు కాగితంగానే ఇంకో పనికి వాడుకోవాలి.

గుజ్జు చేయడం మంచిదే కదా అంటారు. చెత్తకుప్పలో కలిసిపోవడం కంటే ముమ్మాటికీ మంచిదే. కానీ నీళ్ళలో నాని, చితికి, మళ్ళీ ఆరిన ప్రతిసారీ నార కొంత పొట్టిదవుతుంది, బిరుసెక్కుతుంది, పక్క పోగును పట్టుకునే గుణం తగ్గుతుంది. మన దేశంలో ఖాకీ కాగితం చాలావరకు పాత అట్టపెట్టెల గుజ్జుతోనే తయారవుతుంది కాబట్టి, నాలోని నార అప్పటికే ఆ బాధ పడి ఉండవచ్చు. పుస్తకంగా మార్చడంలో నారకు ఆ శిక్ష లేదు. పిడులు తీసి, అతుకు విప్పి, మడతలను ఇస్త్రీతో సాపు చేసి, ఒకే కొలతకు కోస్తారు. కాగితాలను ఒకదానిలో ఒకటి మడిచి, దబ్బనంతో తూట్లు పొడిచి, నూలుదారంతో కుడతారు. యంత్రం మీద కాగితం సాగిన దిక్కుకే పోగులు వాలి ఉంటాయి. సంచిలో అది సాధారణంగా నిలువు. పుస్తకం వెన్ను కూడా ఆ దిక్కునే ఉంటే మడత చక్కగా కూర్చుంటుంది, అడ్డంగా ఉంటే పగులుతుంది. పొరలు పొరలుగా ఉన్న అడుగుభాగం అట్ట లోపలివైపు జేబుగా పనికొస్తుంది.

నేను ఎక్కువకాలం నిలవనన్నది ఒక ఆక్షేపణ. అది నిజం. లిగ్నిన్ ఉన్న కాగితం వెలుతురుకు రంగు మారుతుంది, ఏళ్ళు గడిస్తే పెళుసెక్కుతుంది. దస్తావేజులు రాయడానికి నేను తగను. అయితే పచారీ పద్దులకు, వంటల కొలతలకు, బొమ్మలు గీసే సాధనకు వందేళ్ళ ఆయువు అక్కర్లేదు. రంగు ముదురన్నది మరో మాట. లేత నీలం సిరా నా మీద తేలిపోతుంది, ఒప్పుకుంటాను. కానీ నల్ల సిరా స్పష్టంగా కనబడుతుంది. బొమ్మ గీసేవాళ్ళకు నా రంగు నడిమి ఛాయగా ఉండి, నల్ల పెన్సిల్‌తో నీడను, తెల్ల పెన్సిల్‌తో వెలుగును చూపే వీలిస్తుంది. తెల్ల కాగితం మీద ఆ రెండో పని కుదరదు.

అసలు గట్టి ఆక్షేపణ వేరే ఉంది. మన దేశంలో 2022 డిసెంబరు 31 నుంచి 120 మైక్రాన్ల కంటే పలుచని ప్లాస్టిక్ సంచులు నిషేధం. దాంతో కాగితం సంచి పట్టుకుంటే పాపం పోయినట్టే అనుకోవడం తేలికైంది. కానీ బ్రిటన్ పర్యావరణ సంస్థ 2011లో ప్రచురించిన అధ్యయనం లెక్క ప్రకారం, ఒక్కసారి వాడి పారేసే పలుచని ప్లాస్టిక్ సంచి కంటే భూతాపం విషయంలో మేలనిపించుకోవాలంటే కాగితం సంచిని కనీసం మూడుసార్లు వాడాలి. అక్కడ వాడకమంటే సరుకు మోయడమే. పుస్తకంగా కుట్టడాన్ని ఆ లెక్కలో జమ వేసుకునే హక్కు నాకు లేదు. పుస్తకంగా నా వల్ల మేలు ఒక్క షరతు మీదే: నా బదులు మీరు కొనబోయిన కొత్త నోటుపుస్తకం కొనకూడదు. అది కూడా కొని నన్ను అలమారలో అలంకారంగా పెడితే మిగిలేది సరదా మాత్రమే. పాతకాలపు అందం కోసమని కొత్త ఖాకీ కాగితం కొని కుట్టే పుస్తకాలకు నా రంగే ఉంది, నా న్యాయం లేదు. కనుక వరస ఇది: పిడి తెగేదాకా మోయించండి, తెగాక కుట్టండి, చివరి పుటా నిండాకే గుజ్జుకు పంపండి. ఈ వరసలో ఏ మెట్టు దాటేసినా, నా నారలో మిగిలిన బలాన్ని వాడకుండా పారేసినట్టే.