జాలిపడి పెట్టే మేత

ఇంగ్లండులో ఏప్రిల్ వస్తోందంటే అందరికీ హుషారు, నాకు మాత్రం గుబులు. గడ్డి లేస్తుంది. మా మనవరాలి షెట్లాండ్ గుర్రం, మరి కొందరి గుర్రాలతో కలిసి అద్దె పొలంలో మేస్తుంది. ఆ పొలం ఒకప్పుడు పాడి ఆవుల కోసం రైగ్రాస్ చల్లి పెంచినది. పాలిచ్చే ఆవుకి చాలే మేతను, 42 అంగుళాల ఎత్తు దాటని గుర్రం ముందు పరిచాం.

షెట్లాండ్ దీవుల ఈదురుగాలిలో గరుకు గడ్డీ, ఒడ్డుకు కొట్టుకొచ్చిన సముద్రపు నాచూ తిని బతికిన జాతి ఇది. ఆడవాళ్లనీ పదేళ్లలోపు మగపిల్లల్నీ బొగ్గు గనుల్లోకి దించకూడదని 1842లో చట్టం వచ్చాక, గనుల్లో బొగ్గు బండ్లు లాగే పని ఈ పొట్టి గుర్రాల మీద పడింది. కాస్త తిని చాలా పనిచేసే ఒళ్లు. ఇప్పుడు పనేమో వారానికోసారి పిల్లని ఎక్కించుకుని సందు చివరిదాకా నడవడం.

మా రోజుల్లో తెనాలి స్టేషను బయట జట్కాలు వరసగా నిలబడేవి. జట్కా తోలే సాయిబు నానబెట్టిన ఉలవలు సంచిలో పోసి గుర్రం మూతికి తగిలించేవాడు. ఎన్ని పొయ్యాలో అతనికి తెలుసు. ఇంకొకరు చెయ్యి పెడితే ఒప్పుకునేవాడు కాదు. ఆ గుర్రాల్లో చాలావాటి డొక్కలు ఎండి ఉండేవి, అది మంచిదని నేననను. కానీ ఏ గుర్రం ఏం తిన్నదో చెప్పడానికి ఒక మనిషంటూ ఉండేవాడు. ఇవాళ మా పొలంలో ఆ మనిషి లేడు. ఒకావిడ తన బక్క రేసుగుర్రానికి దాణా బకెట్ తెచ్చి అందరి మధ్యలో పెట్టి వెళ్లిపోతుంది. ఇంకొకరు పెద్ద గడ్డి చుట్టని విప్పి వదిలేస్తారు. దారినపోయేవాళ్లు గేటు మీదుగా క్యారెట్లు, ఆపిల్ ముక్కలు, ఒక్కోసారి రొట్టె కూడా అందిస్తారు. అందరిదీ ప్రేమే. ఆ ప్రేమంతా మా గుర్రం మెడ మీద, జూలు కింద, గట్టి కొవ్వు దిమ్మై కూర్చుంది.

దీని చివర ఉండేది లామినైటిస్ అనే గిట్టల జబ్బు. ఒళ్లు పెరిగిన గుర్రానికి గడ్డిలోని చక్కెరతో రక్తంలో ఇన్సులిన్ విపరీతంగా పెరిగిపోతుంది. గిట్ట లోపలి ఎముకని గిట్ట గోడకి పట్టి ఉంచే పొరలు దాంతో దెబ్బతిని ఊడతాయి. ముదిరితే ఎముక కిందికి తిరిగిపోతుంది. ముందుకాళ్ల మీద బరువు వెయ్యలేక, వెనక్కి వాలి నిలబడ్డ గుర్రాన్ని ఒక్కసారి చూస్తే మళ్లీ ఎవరూ గేటు మీదుగా రొట్టె ఇవ్వరు. మంచు పడ్డ పొద్దున గడ్డిలో ఏముంటుందిలే అంటారు కొందరు. ఎండ కాసినా చలికి గడ్డి ఎదగలేదు కాబట్టి చక్కెర దానిలోనే పేరుకుంటుంది. ఆ పూటే ఎక్కువ ప్రమాదం.

నేనీ దేశం వచ్చిన కొత్తలో ఇలాంటి గుర్రాలు చలికాలమంతా బయటే ఉండేవి. ఒత్తుగా బొచ్చు పెంచుకుని, చలికి ఒంట్లో కొవ్వు కరిగించుకుని, వసంతానికి సన్నబడేవి. ఆ తర్వాతే పచ్చిక ఎక్కేవి. ఇప్పుడు అక్టోబరు రాగానే దుప్పటి కప్పేస్తారు. పోయిన ఏడాది కొవ్వు కరగకముందే ఈ ఏడాదిది వచ్చి చేరుతుంది.

మా ఊళ్లో పైరు మధ్య గుంటక తోలేటప్పుడు ఎద్దు మూతికి చిక్కం కట్టేవాళ్లం. పాపమని ఎవరూ అనలేదు. ఇక్కడ గుర్రానికి కట్టేదీ అలాంటిదే. అడుగున చిన్న కన్నం ఉంటుంది, కొద్దికొద్దిగా గడ్డి అందుతుంది, నీళ్లు తాగొచ్చు, రోజులో కొంతసేపు తీసేస్తాం. మొన్న పొలంలో భాగస్తులొకరు జాలిపడి అది ఊడదీసి గేటుకి తగిలించి వెళ్లారు. నాకు వచ్చిన కోపం ఇంకా తగ్గలేదు. కాసేపే కదా అంటారు. మేత కరువైన గుర్రం ఆ కాసేపట్లోనే రోజుకి సరిపడేదాన్లో పెద్ద వాటా లాగించేస్తుంది.

అలాగని పస్తు పెట్టకూడదు. పొట్టి గుర్రాన్ని మాడిస్తే ఒంట్లో కొవ్వు రక్తంలోకి దిగి కాలేయం చెడి చచ్చిపోగలదు. బరువు తగ్గించడానికి ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర వంతు పొడి మేత చాలు. 200 కిలోల గుర్రానికి అది మూడు కిలోలు; ఎండుగడ్డిలోనూ కాస్త తేమ ఉంటుంది కాబట్టి తూకానికి రోజుకి సుమారు మూడున్నర కిలోల ఎండుగడ్డి. నేను వలలో నింపి కాటాకి వేలాడదీసి తూస్తాను. తర్వాత నానబెట్టి చక్కెర దిగిన నీళ్లు పారబోస్తాను. నిమిరితే పక్కటెముకలు చేతికి తగలాలి, దూరం నుంచి కంటికి కనబడకూడదు. జట్కా సాయిబులు చూసుకున్నదీ చేత్తోనే.

కానీ పొలంలో ఇంకెవరి బకెట్టో తెరిచి ఉన్నప్పుడు నా కాటా ఎందుకు పనికొస్తుంది? అందుకే ఈసారి పొలం వాటాదారులందరికీ చెప్పేశాను. బక్కదానికి దాణా గేటు అవతల పెట్టండి, తిన్నంతసేపూ పక్కనే నిలబడండి. గడ్డి చుట్ట మా గుర్రానికి అందనిచోట వెయ్యండి. చిక్కం ముట్టుకోకండి. పొలంలో ఒక మూల కరెంటు తీగతో విడగొడతాను, కర్రలూ బ్యాటరీ నావే, రోజూ రెండడుగులు జరిపే పని కూడా నాదే. ఇందుకు ఒప్పుకోనివాళ్లు ఏప్రిల్ రాకముందే నాతో చెప్పాలి.