అద్దంలో మార్గరెట్టా, అడ్డంగా మనం

ఆదివారం వస్తే చాలు, హైదరాబాదుకు కళాపిపాస తన్నుకొస్తుంది. సాలార్‌జంగ్ మ్యూజియంలో గడియారం ముందు ఒకటే జనం. గంట గంటకూ గడ్డం బొమ్మ బయటికొచ్చి గంట కొట్టి పోతుంది. దాన్ని కళ్లతో చూసిందెవరో చెప్పడం కష్టం. ఎత్తిపట్టిన ఫోన్లు మాత్రం తనివితీరా చూశాయి.

మరో గదిలో ఒకే కొయ్యలో చెక్కిన జంట బొమ్మ: ఇటు సైతాను మెఫిస్టోఫిలిస్, అటు అమాయకురాలు మార్గరెట్టా. వెనకవైపున్న అమ్మాయి కనిపించాలని అద్దం పెట్టారు. మనవాళ్లు అందులో జుట్టు సర్దుకుంటారు. ఆవిడ తల దించుకున్నది ఇందుకేనేమో! మొదటి సాలార్‌జంగ్ 1876లో రోమ్‌లో కొన్న రెబెక్కా శిల్పం నయం, ముందుచూపుతో మేలిముసుగు వేసుకుంది.

కళ అయ్యాక కడుపు. ‘ఎవరికీ తెలియని చోటు’ అని రీల్‌లో ఊదరగొట్టిన కేఫ్‌కు వెళితే, ఊరంతా అక్కడే వరసలో ఉంటుంది. టోకెను పుచ్చుకుని గంటన్నర పడిగాపులు. గోడ నిండా చేర్యాల బొమ్మలు... ప్రింట్లే లెండి. మట్టి ముంతలో చారెడు పచ్చిపులుసు, అరిటాకు ముక్కలో రెండు సర్వపిండి తునకలు. ముందు ఫొటోలు, చల్లారాక భోజనం. బిల్లు చూసి గుండె జారినా నోరు మెదపరు, పైగా టిప్పు.

అదే ఖద్దరు గుడ్డకు చింతగింజల జిగురు, సుద్ద పట్టించి, రోజుల తరబడి కూర్చుని గీసిన అసలు చేర్యాల బొమ్మ శిల్పారామంలో కనిపిస్తే మాత్రం:

“ఇంత రేటా? సగానికిస్తావా?”