మొదటి కార్డు ఎవరిది?

పుదుచ్చేరి దగ్గరి విల్లియనూరులో తిరుకామీశ్వరుడి తేరు కదిలే రోజున తాడు మీద ముందుగా పెద్దల చేతులు పడతాయి. ఫ్రెంచివాళ్ల హయాంలో గవర్నరు పట్టేవాడు, ఇప్పుడు లెఫ్టినెంటు గవర్నరు పట్టుకుంటున్నారు. కెమెరాలు తిరిగేదీ అటే. తేరును లాగేది మాత్రం వెనకున్న జనం. మన సినిమా టైటిల్సుదీ అదే పద్ధతి. హీరోగారి పేరు బిరుదుతో సహా తెరంతా పరుచుకుని, ఈలలు ఆగేదాకా కదలదు. సెట్టు కట్టినవాళ్లూ లైట్లు మోసినవాళ్లూ ఒకే కార్డులో ఇరుక్కుని, చదవబోయేలోగా మాయమవుతారు.

ఈ వరుసకో శాస్త్రం ఉంది. మొదట ఉండటం గౌరవం. అందరూ అయ్యాక ‘మరియు’ తగిలించుకుని ఒంటరిగా రావడం అంతకన్నా గౌరవం. దర్శకుడి పేరు చిట్టచివర, అది పరమ గౌరవం. అవమానమంతా మధ్యలోవాళ్లకే!

ఈ జబ్బు మనకే అనుకోకండి. 1974లో హాలీవుడ్ వాళ్లు ‘ది టవరింగ్ ఇన్‌ఫెర్నో’ తీశారు. స్టీవ్ మెక్వీన్ పేరు ఎడమవైపు కాస్త కిందకీ, పాల్ న్యూమన్ పేరు కుడివైపు కాస్త పైకీ వేశారు. ఎడమ నుంచి చదివితే ఆయన ముందు, పై నుంచి చదివితే ఈయన ముందు. కథేమో ఆకాశహర్మ్యం తగలబడటం. అంతకన్నా ముందు ఆర్పాల్సిన మంట ఇదన్నమాట.

మనవాళ్లు అప్పటికి పన్నెండేళ్ల ముందే గట్టెక్కారు. 1962 నాటి ‘గుండమ్మ కథ’లో రామారావు, నాగేశ్వరరావు, రంగారావు, సావిత్రి, జమున ఉన్నారు. ఎవరి పేరు ముందేసినా ఇంకొకరి అభిమానులు ఊరుకోరు. నిర్మాతలైన విజయా వారు పేర్లే మానేసి ఫొటోలు వేశారు. భేషైన ఉపాయమే. కాకపోతే ఫొటోల్లో కూడా ఎవరో ఒకరిది ముందుండాల్సిందే కదా!

అక్షరక్రమం పెడితే గొడవుండదనే అమాయకులున్నారు. ‘అక్కినేని’ అని వేస్తే నాగేశ్వరరావుగారు ముందు. ఆయనకూ రామారావుగారికీ పొడి అక్షరాలే వేస్తే, ఎన్టీఆర్‌లోని ‘ఎ’ ఏయన్నార్‌లోని ‘ఏ’ కన్నా ముందు. ఒక్క దీర్ఘంతో రాజ్యం మారిపోయింది. గుండమ్మగా సినిమాను మోసిన సూర్యకాంతంగారు ఏ లెక్కన చూసినా సావిత్రిగారి వెనకే. ఇదే రూలైతే రేపటి హీరోలందరూ ‘అ’తో పేర్లు మార్చుకుంటారు, సంఖ్యాశాస్త్రజ్ఞులు మేడలు కడతారు.

నాదొక చిన్న మనవి. పేర్లు ఎవరికి నచ్చిన వరుసలో వాళ్లు వేయించుకోండి. సినిమా పోతే నష్టం కూడా అదే వరుసలో పంచుదాం: మొదటి కార్డుకు పెద్ద వాటా, చివరి కార్డుకు చిల్లర. ఆ రూలు వచ్చిన మర్నాడే చూడండి మన పరిశ్రమలో మర్యాద. ‘అయ్యో, పెద్దవారు, ముందు మీరుండాలి’ అని ఒకరు, ‘ఎంతమాట, మీ తర్వాతే మేం’ అని ఇంకొకరు. మొదటి కార్డు మీద చివరికి మిగిలే పేరు లైట్‌బాయ్‌ది.