జిరాక్సు షాపు కుర్రాడికో పద్మశ్రీ

క్వింటాలు పొడవు పింజ పత్తికి 2025-26 సీజన్ మద్దతు ధర 8,110 రూపాయలు కావాలా? అయితే పత్తి సంగతి తర్వాత, ముందు ఫోను బయటికి తియ్యండి. భారత పత్తి సంస్థ (సీసీఐ) కపాస్ కిసాన్ యాప్‌లో పేరు లేనివాడు తాడికొండలో పండించినా, దర్శిలో పండించినా ఒకటే, పండించనట్టే లెక్క. పేరుంటే స్లాటు, స్లాటుంటే జిన్నింగ్ మిల్లు గేటు. గేటు దాటాక తేమ పన్నెండు శాతం మించిందని సీసీఐ బయ్యర్ తల అడ్డంగా ఊపితే అది వేరే ఏడుపు. మొంథా తుపాను పత్తిని తడిపే ముందు ఏ యాప్‌లోనూ స్లాటు బుక్ చేసుకోలేదు మరి.

ఆ యాప్‌లో పేరెక్కాలంటే ఆధార్, పాసుపుస్తకం, ఎన్నెకరాల్లో పత్తి వేశారో ధ్రువీకరణ, ఫొటో, ఫోను నంబరు. ఇన్ని అడిగినా మనకు ఒక గౌరవం మిగిల్చారు. దీన్ని సెల్ఫ్ రిజిస్ట్రేషన్ అన్నారు. అంటే రైతు తనంతట తానే, తన చేత్తోనే చేసుకోవాలన్నమాట.

తన చేత్తోనట! సత్తెనపల్లి చుట్టుపక్కల ఏ ఊరి సెంటర్లోనైనా కాసేపు నిలబడండి. మీటల ఫోను జేబులో పెట్టుకుని వచ్చిన పెద్దాయన ఏం డౌన్‌లోడ్ చేసుకుంటాడు? రైతు సేవా కేంద్రంలో ఉన్న ఒక్క సహాయకుడూ ఈ-క్రాప్ పంట నమోదు అని చేల మీద తిరుగుతుంటే దొరకడు. ఇక మిగిలింది జిరాక్సు షాపు. అందులో ఒక కుర్రాడు, చేతిలో గీతలు పడ్డ ఫోను. ఢిల్లీ వాళ్లు గొప్పగా చెప్పుకునే డిజిటల్ వ్యవసాయం మొత్తం ఆ ఫోను మీద నడుస్తోంది.

"తాతా, ఆధార్ కార్డు నా వాట్సాప్‌కి పెట్టించు."

"నాకవన్నీ లేవు నాయనా."

"అయితే ఇటివ్వు, నేనే ఫొటో తీసుకుంటా."

తీసుకున్నాడు. కార్డు ముందూ వెనకా, పాసుపుస్తకంలో ప్రతి పేజీ, చివర తాత మొహం. ఇప్పుడు ఓటీపీ. అది నమోదులో ఇచ్చిన నంబరుకి వెళుతుంది. ఆ నంబరు కూకట్‌పల్లిలో ఉన్న కొడుకుది. కొడుకు ఆఫీసులో ఉన్నాడు, రెండుసార్లు కట్ చేసి మూడోసారి ఎత్తాడు. "ఒరే, ఏదో నంబరొచ్చిందంట, చదువు." కొడుకు చదువుతాడు. తాతకు వినబడక కుర్రాడు స్పీకరు పెడతాడు. అంకెలన్నీ షాపంతా మోగుతాయి. లైన్లో ఉన్న పదిమందిలో ఇద్దరు అందుకుని మళ్లీ గట్టిగా చెబుతారు, కుర్రాడు పొరపాటున తప్పు కొడతాడేమోనని. ఓటీపీ ఎవరికీ చెప్పవద్దన్న సైబర్ పోలీసుల పోస్టరు అదే గోడ మీద ఉంటుంది. దాన్ని ప్రింటు తీసిందీ ఆ కుర్రాడే.

ఫోనే లేనివాళ్లుంటారు. వాళ్లకి కుర్రాడు తన నంబరే పెట్టేస్తాడు, పని ఆగకూడదుగా. ఆ తర్వాత వాళ్ల స్లాటు, వాళ్ల రద్దు, వాళ్ల డబ్బు కబురు అన్నీ ఇతని ఇన్‌బాక్సులోకే. చీకటి పడేసరికి అతని గ్యాలరీలో క్రికెట్ వీడియోలకీ, సినిమా స్టేటస్‌లకీ మధ్య సగం ఊరి ఆధార్లు. తహసీల్దారు బీరువాలో కూడా ఇంత సాఫుగా ఉండవు. చెరిపేయొచ్చు కదా అంటారా? ఎలా చెరుపుతాడు, వచ్చే వారం స్లాటు దొరక్కపోతే మళ్లీ కావాలి. స్క్రీను పగిలితే ఆ ఫోను రిపేరుకి పోతుంది. పాతబడితే అమ్ముడుపోతుంది. కుర్రాడు మంచివాడు కాబట్టి సరిపోయింది. అతని మంచితనం తప్ప ఈ దేశంలో రైతు వివరాలకు వేరే కంచె లేదు. అందుకే అంటున్నా, ఇస్తే అతనికే ఇవ్వాలి పద్మశ్రీ.

ఇంతకీ ఈ వ్యవహారంలో ఎక్కడో ఒకచోట "అంగీకరిస్తున్నాను" అనే మీట ఉంటుంది. నొక్కింది ఎవరు? కుర్రాడు. చదివాడా? లేదు. తాతకు చెప్పాడా? "ఏముంది తాతా, మామూలే." దీనికి చట్టంలో పేరు సమ్మతి.

చెప్పిందల్లా నొక్కడం ఇలా నేర్పి పెట్టాక, పీఎం కిసాన్ పేరు పెట్టి వాట్సాప్‌లో ఏపీకే ఫైళ్లు వదిలి ఖాతాలు ఊడ్చేసేవాళ్లకి పని ఎంత తేలికో వేరే చెప్పాలా?

వ్యంగ్యం ఇక చాలు. కడుపు మండుతోంది. మన వివరాలు భద్రం అని సర్కారు వాళ్లు చెప్పడం ఇది మొదటిసారి కాదు. 2018 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ వెబ్‌సైట్లో లక్షా 34 వేల మంది ఆధార్ వివరాలు బజార్న పడ్డాయి, కులాన్ని బట్టీ మతాన్ని బట్టీ వెతుక్కునే వీలుతో సహా. అదే ఏడాది సర్కారు వారి అన్న సంజీవని మందుల దుకాణాల్లో ఎవరు ఏ మందు కొన్నారో పేరూ, ఫోను నంబరుతో బయటపడింది. వీటిని బయటపెట్టింది సర్కారు కాదు, బయటి పరిశోధకులు. పేదవాడి జబ్బుని వీధిలో ఆరేసినందుకు ఎవరికి శిక్ష పడింది? కౌలు రైతు వేలిముద్ర పడకపోతే మాత్రం అతన్ని మూడుసార్లు తిప్పుతారు.

ఇప్పుడు చట్టం వచ్చిందిగా అంటారు. వచ్చింది. 2023లో డేటా రక్షణ చట్టం చేశారు, దాని నిబంధనలు 2025 నవంబరు మధ్యలో వచ్చాయి, సరిగ్గా పత్తి బోరేలు ట్రాక్టర్లకెక్కే రోజుల్లో. ఏ వివరం ఎందుకు తీసుకుంటున్నారో తేలిక మాటల్లో, కావాలంటే తెలుగులో చెప్పాలట. కాపాడకపోతే 250 కోట్ల దాకా జరిమానా అట. ఎంత బాగుంది! కాకపోతే ఈ బాధ్యతలు మొదలయ్యేది పద్దెనిమిది నెలల తర్వాత, అంటే 2027 మేలో. అప్పుడైనా రాయితీలు, ప్రయోజనాలు, సేవలు ఇచ్చే పనికి సర్కారుకి సమ్మతి దగ్గర వెసులుబాట్లు ఉండనే ఉన్నాయి.

అదే చట్టంలో ఒక్క ముక్క మాత్రం పద్దెనిమిది నెలలు ఆగలేదు. సమాచార హక్కు చట్టాన్ని సవరించే 44(3) సెక్షను వెంటనే అమల్లోకి వచ్చేసింది. ఇంతకుముందు ప్రజాకార్యంతో సంబంధం ఉంటే వ్యక్తిగత వివరమైనా ఇవ్వాల్సి వచ్చేది. ఇప్పుడు "వ్యక్తిగత సమాచారం" అనే రెండు ముక్కలు రాసి దరఖాస్తు వెనక్కి పంపొచ్చు. విస్తృత ప్రజాప్రయోజనం ఉంటే ఇవ్వొచ్చనే సెక్షను ఇంకా ఉందంటారు. నిజమే, ఆ ప్రయోజనం ఉందో లేదో ముందు తేల్చేది కూడా దరఖాస్తు వెనక్కి పంపే ఆ అధికారి కుర్చీయే.

దీని సొగసు గుంటూరు వాళ్లకు వివరించక్కర్లేదు. 2014-15 సీజన్లో సీసీఐ కొనుగోళ్లలో రైతుల పేర్లు పెట్టి దళారులు అమ్ముకున్నారన్న గొడవ సీబీఐ దాకా వెళ్లింది. యాప్ తెచ్చిందే అలాంటి దొంగ పేర్లని ఆపడానికని చెబుతున్నారు. మంచిదే. రేపు ఈ యాప్‌లోనూ పొలం లేనివాడి పేరు మీద వంద క్వింటాళ్లు మిల్లులోకి పోయాయనుకోండి. అసలు పండించిన కౌలుదారు, పాసుపుస్తకం లేక కమీషన్ వ్యాపారికి వచ్చిన ధరకు తెగనమ్ముకున్నవాడు, మా ఊరి నుంచి ఎవరెవరు ఎంత అమ్మారో చెప్పండని అర్జీ పెడతాడు. తన వివరాలన్నీ జిరాక్సు షాపులో వదిలేసి వచ్చిన ఆ మనిషికి, దళారి వివరాలు వ్యక్తిగతం కాబట్టి ఇవ్వలేమని రిజిస్టరు పోస్టులో జవాబు వస్తుంది.